ఆన్సిబుల్ కోడ్ మీద పని చేయాలంటే: హ్యాకింగ్ ఫోల్డర్‌లోని సహాయక స్క్రిప్టులు వాడుకోవడం ఎలా

చాలా సర్వర్లను ఒకేసారి అమర్చే సాఫ్ట్‌వేర్ ఆన్సిబుల్. దానితో ప్లేబుక్‌లు, అంటే ఏ సర్వర్‌లో ఏం చేయాలో చెప్పే ఫైళ్లు, రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అమీర్‌పేటలో కోర్సు చేసి డెవ్‌ఆప్స్ ఉద్యోగంలో చేరినవాళ్లకు అది రోజువారీ పని. కానీ ఒక మాడ్యూల్, అంటే ఒక్కో పని చేసే చిన్న ప్రోగ్రామ్, తప్పుగా పనిచేస్తే దాని కోడ్ తెరిచి, సరిచేసి, ఆ సవరణను ప్రాజెక్టుకు పంపేదాకా వెళ్లేవాళ్లు నేను చూసినంతలో తక్కువ. పైథాన్ రాకపోవడం చాలాసార్లు కారణం కాదు. ఒక లైన్ మార్చాక ఏం జరిగిందో వెంటనే చూసుకునే దారి తెలియకపోవడమే అసలు అడ్డంకి. ఆ దారి ప్రాజెక్టు కోడ్ ఉంచే రిపాజిటరీలోనే, హ్యాకింగ్ అనే ఫోల్డర్‌లో ఉంది. అందులోని స్క్రిప్టులను ఏ వరసలో, దేనికోసం వాడాలో ఇక్కడ చెబుతాను.

ఆదేశాలను పలికినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ఎక్కడైనా పెద్ద అక్షరాలు కావాలంటే అక్కడే చెబుతాను.

మొదట ఏ రిపాజిటరీయో తేల్చుకోండి

2012లో మైకేల్ డిహాన్ ఆన్సిబుల్‌ను విడుదల చేసినప్పటి నుంచి, 2015లో రెడ్ హ్యాట్ దాన్ని కొన్న తర్వాత కూడా చాలాకాలం, మాడ్యూల్స్‌ను ప్రాజెక్టు లోపలే ఉంచి నడిపారు. 2020లో 2.10 వెర్షన్‌తో వాటిలో అత్యధిక భాగాన్ని కలెక్షన్స్‌గా విడదీసి వేరే రిపాజిటరీలకు పంపేశారు. అసలు ఇంజిన్, దానితోపాటు ఫైల్, కాపీ, సర్వీస్, లైన్‌ఇన్‌ఫైల్ లాంటి మూల మాడ్యూల్స్ మాత్రం మిగిలాయి. వాటినే ఇప్పుడు ఆన్సిబుల్-కోర్ అంటున్నాం. హ్యాకింగ్ ఫోల్డర్ ఉన్నది ఈ రిపాజిటరీలోనే.

మీకు ఇబ్బంది పెడుతున్న మాడ్యూల్ ఎక్కడిదో తెలుసుకోవడం సులువు. 'ఆన్సిబుల్-డాక్' తర్వాత మాడ్యూల్ పేరు ఇవ్వండి. పైన కనిపించే పూర్తి పేరు 'ఆన్సిబుల్ డాట్ బిల్టిన్'తో మొదలైతే అది కోర్‌లోనిది. 'కమ్యూనిటీ డాట్ జనరల్' లాంటి పేరుంటే ఆ కలెక్షన్ రిపాజిటరీకి వెళ్లాలి. ఆ ఫైల్ మీ కంప్యూటర్‌లో ఎక్కడుందో కూడా పక్కనే కనిపిస్తుంది. రెండు నిమిషాలు పట్టని ఈ పని చేయకుండా తప్పు రిపాజిటరీలో ఇష్యూ (లోపం గురించిన ఫిర్యాదు) తెరిస్తే, వాళ్లు దాన్ని మూసి ఇంకోచోటికి పంపుతారు. మీ ఉత్సాహం అక్కడే సగం చల్లారుతుంది.

క్లోన్, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్

లైనక్స్ గానీ మ్యాక్ గానీ ఉంటే నేరుగా మొదలుపెట్టొచ్చు. విండోస్ వాడేవాళ్లు డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల లైనక్స్ నడిపే సదుపాయం) ఉబుంటు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆన్సిబుల్‌ను నడిపించే వైపు విండోస్ నేరుగా పనికిరాదు. పైథాన్ వెర్షన్ విషయంలో జాగ్రత్తగా ఉండండి. 2.18 వెర్షన్‌కి కనీసం పైథాన్ 3.11 కావాలి. అభివృద్ధి జరిగే బ్రాంచ్ ఇంకా కొత్త పైథాన్ అడగొచ్చు. రిపాజిటరీ పై స్థాయిలో ఉండే 'పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్' ఫైల్‌లో 'రిక్వైర్స్-పైథాన్' అనే లైన్ చూస్తే ఏది కావాలో తెలిసిపోతుంది.

గిట్‌హబ్‌లో ఫోర్క్ చేసి (మీ ఖాతాలో నకలు తీసి), మీ ఫోర్క్‌ను క్లోన్ చేయండి (కంప్యూటర్‌కు దింపుకోండి). అసలు రిపాజిటరీని 'అప్‌స్ట్రీమ్' పేరుతో రెండో రిమోట్‌గా చేర్చండి. ప్రాజెక్టుకు పదేళ్లు దాటిన చరిత్ర ఉంది కాబట్టి క్లోన్ బరువుగానే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్లు క్లోన్ ఆదేశానికి '--ఫిల్టర్=బ్లాబ్:నన్' చేర్చితే పాత ఫైళ్లు అవసరమైనప్పుడే దిగుతాయి. కమిట్ల, అంటే నమోదైన మార్పుల, చరిత్ర మాత్రం పూర్తిగా వస్తుంది. '--డెప్త్ 1' పెట్టి చరిత్రను కత్తిరించకండి. కింద చెప్పబోయే బైసెక్ట్‌కి (కోడ్‌ను పాడుచేసిన కమిట్‌ను వెతికే గిట్ పద్ధతి) ఆ చరిత్రే ఆధారం.

ఇక్కడ ప్రధాన బ్రాంచ్ పేరు మెయిన్ కాదు, 'డెవెల్'. దాని మీద నేరుగా ఏమీ మార్చకండి. దాన్నుంచి మీ పనికి ఒక కొత్త బ్రాంచ్ తీసుకోండి.

తర్వాత 'పైథాన్3 -ఎమ్ వీఎన్వ్'తో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఈ పనికి మాత్రమే విడిగా ఉండే పైథాన్ ఏర్పాటు, తయారు చేయండి. దాన్ని రిపాజిటరీ ఫోల్డర్‌కు బయట, మీ హోమ్‌లో పెట్టుకోవడమే మంచిది. దాన్ని యాక్టివేట్ చేశాక 'పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ' నడపండి. జింజా2, పైయామల్, క్రిప్టోగ్రఫీ, ప్యాకేజింగ్, రిజాల్వ్‌లిబ్, ఇంతే కావాల్సినవి. ఇదే ఎన్విరాన్‌మెంట్‌లో ఆన్సిబుల్‌ను మళ్లీ పిప్‌తో పెట్టకండి. ఒకే చోట రెండు ఆన్సిబుల్‌లు ఉంటే మీరు మార్చింది ఒకటి, నడిచేది ఇంకొకటి అయ్యే ప్రమాదం ఉంది.

ఎన్వ్-సెటప్: అన్నిటికంటే ముందు నడపాల్సింది

రిపాజిటరీ ఫోల్డర్‌లోకి వెళ్లి, 'సోర్స్' అని రాసి, ఒక ఖాళీ వదిలి, 'హ్యాకింగ్/ఎన్వ్-సెటప్' అని ఇవ్వండి. ఫిష్ షెల్ వాడేవాళ్లకు అదే ఫోల్డర్‌లో 'ఎన్వ్-సెటప్ డాట్ ఫిష్' ఉంది.

'సోర్స్' ఎందుకంటే, మామూలుగా నడిపితే ఆ స్క్రిప్ట్ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది. అక్కడ మార్చిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఆ ప్రాసెస్‌తోపాటే పోతాయి. మీ టెర్మినల్‌కు ఏమీ అందదు. సోర్స్ చేస్తే మీ షెల్‌లోనే మారతాయి. ఏ ఎర్రరూ రాకుండానే స్క్రిప్ట్ పనిచేయనట్టు కనిపించేది ఈ ఒక్క కారణంతోనే, కాబట్టి గుర్తుంచుకోండి.

ఇది చేసే పని చిన్నదే. పాత్ వేరియబుల్ ముందు రిపాజిటరీలోని బిన్ ఫోల్డర్‌ను, పైథాన్‌పాత్ ముందు లిబ్ ఫోల్డర్‌ను చేరుస్తుంది. అంతే, 'ఆన్సిబుల్' అని కొడితే ఇక మీ క్లోన్‌లోని కోడే నడుస్తుంది. ఏదీ ఇన్‌స్టాల్ కాదు, ఎక్కడికీ కాపీ కాదు. ఫైల్ సేవ్ చేసిన మరుక్షణం ఆ మార్పు అమల్లో ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత ఆన్సిబుల్‌కు ఏమీ కాదు, టెర్మినల్ మూసేస్తే అంతా మామూలే. నిజమైన సర్వర్లకు కాన్ఫిగరేషన్ పంపే యంత్రం మీదే ప్రయోగాలు చేయాల్సి వచ్చేవాళ్లకు ఇది ఎంత నిశ్చింతో చెప్పలేను.

సరిగ్గా కుదిరిందా అని చూడటానికి 'ఆన్సిబుల్ --వెర్షన్' కొట్టండి. మొదటి లైన్‌లో వెర్షన్ చివర 'డెవ్0', బ్రాకెట్లలో మీ బ్రాంచ్ పేరు, కమిట్ నంబరు కనిపించాలి. కింద 'పైథాన్ మాడ్యూల్ లొకేషన్' అన్న చోట మీ క్లోన్‌లోని లిబ్ ఫోల్డర్ దారి ఉండాలి. అక్కడ సైట్-ప్యాకేజెస్ అని కనిపిస్తే మీ కోడ్ నడవడం లేదని అర్థం. ఆ తర్వాత 'ఆన్సిబుల్ లోకల్‌హోస్ట్ -ఎమ్ పింగ్' ఇస్తే పాంగ్ అని జవాబు రావాలి.

కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ సోర్స్ చేయాలి. ఇది విసుగనిపించి కొందరు బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే నడిచే ఫైల్) పెట్టేస్తారు. నేను వద్దంటాను. అప్పుడు మీ ప్రతి టెర్మినల్, ఆఫీసు పని చేసేది కూడా, అభివృద్ధిలో ఉన్న కోడ్‌తో నడుస్తుంది. దాని బదులు బ్యాష్‌ఆర్‌సీలో ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి. క్లోన్ ఫోల్డర్‌లోకి వెళ్లడం, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేయడం, ఎన్వ్-సెటప్‌ను '-క్యూ'తో సోర్స్ చేయడం, ఈ మూడూ అందులో ఉంటే చాలు. '-క్యూ' ఇస్తే అది చెప్పే మాటలు స్క్రీన్ మీద రావు. పిలిచినప్పుడే అమలవుతుంది కాబట్టి ఏ టెర్మినల్‌లో ఏది నడుస్తోందో మీకు స్పష్టంగా తెలుస్తుంది.

'పిప్ ఇన్‌స్టాల్ -ఈ' తర్వాత చుక్క పెట్టి ఎడిటబుల్‌గా పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. అదీ పనిచేస్తుంది. ఒకే బ్రాంచ్ మీద నెలల తరబడి పని చేసేవాళ్లకు బాగుంటుంది. మొదటిసారి చేసేవాళ్లు మాత్రం ఎన్వ్-సెటప్‌తోనే మొదలుపెట్టండి.

టెస్ట్-మాడ్యూల్: ఒక్క మాడ్యూల్‌ను విడిగా నడపడం

నా దృష్టిలో ఈ ఫోల్డర్‌లో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఎందుకో తెలియాలంటే మాడ్యూల్ మామూలుగా ఎలా నడుస్తుందో ముందు చూడాలి.

మీరు ప్లేబుక్ నడిపినప్పుడు ఆన్సిబుల్ ఆ మాడ్యూల్‌ను, దానికి కావాల్సిన మాడ్యూల్-యుటిల్స్ కోడ్‌ను కలిపి జిప్ చేస్తుంది. ఆ జిప్‌ను ఒక పైథాన్ ఫైల్‌లో ఇరికించి అవతలి సర్వర్‌కు పంపి అక్కడ నడుపుతుంది. దీన్ని ఆన్సిబాల్జెడ్ అంటారు. 2.1 వెర్షన్‌తో వచ్చింది. మాడ్యూల్ తన ఫలితాన్ని జేసన్ (డేటా రాసే ఒక పద్ధతి) రూపంలో స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు ఇస్తే ఆన్సిబుల్ దాన్ని చదువుకుంటుంది. కోడ్‌లో ఒక ప్రింట్ పెట్టి చూద్దామంటే ఆ మాట స్క్రీన్ మీదికి రాదు. ప్లేబుక్, ఇన్వెంటరీ (సర్వర్ల జాబితా), ఎస్ఎస్‌హెచ్, తాత్కాలిక ఫైళ్లు అన్నీ మధ్యలో ఉంటాయి. లోపం ఎక్కడుందో వెతకడం ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టే ఉంటుంది.

'హ్యాకింగ్/టెస్ట్-మాడ్యూల్ డాట్ పీవై' ఆ మధ్యలోవన్నీ తీసేసి మాడ్యూల్‌ను నేరుగా మీ కంప్యూటర్‌లోనే నడుపుతుంది. '-ఎమ్' తర్వాత మాడ్యూల్ ఫైల్ దారి, '-ఏ' తర్వాత కోట్స్‌లో ఆర్గ్యుమెంట్లు ఇస్తే చాలు.

లైన్‌ఇన్‌ఫైల్‌తో చేసి చూడండి. '-ఎమ్'కు 'లిబ్/ఆన్సిబుల్/మాడ్యూల్స్/లైన్‌ఇన్‌ఫైల్ డాట్ పీవై' దారి ఇవ్వండి. '-ఏ'కు మూడు ఆర్గ్యుమెంట్లు: 'పాత్' అంటే టెంప్ ఫోల్డర్‌లో ఇంకా లేని ఒక ఫైల్ పేరు, 'లైన్' అంటే ఖాళీలు లేని ఏదో ఒక మాట, 'క్రియేట్'కు 'యెస్'. నడపగానే ముందు, తయారైన కోడ్‌ను మీ హోమ్‌లో ఎక్కడ విప్పి పెట్టిందో చెబుతుంది. తర్వాత 'రా అవుట్‌పుట్' అన్న శీర్షిక కింద మాడ్యూల్ ఇచ్చింది ఇచ్చినట్టుగా వస్తుంది. చివర 'పార్స్డ్ అవుట్‌పుట్' కింద అదే జేసన్ చదవడానికి వీలుగా పేర్చి ఉంటుంది. 'చేంజ్డ్' విలువ 'ట్రూ' అని కనిపించాలి.

అదే ఆదేశాన్ని వెంటనే రెండోసారి నడపండి. ఈసారి 'చేంజ్డ్' విలువ 'ఫాల్స్' రావాలి. లైన్ అప్పటికే ఉంది కాబట్టి మాడ్యూల్ ఏమీ మార్చకూడదు. మీరు సవరించే ఏ మాడ్యూల్‌కైనా ఈ రెండుసార్ల పరీక్ష తప్పనిసరి. ఆన్సిబుల్‌ను నమ్మి ప్లేబుక్ మళ్లీ మళ్లీ నడిపే ప్రతి ఒక్కరూ ఆధారపడేది దీని మీదే. తర్వాత '-సీ' చేర్చి మూడోసారి, మాట మార్చి, నడపండి. అది చెక్ మోడ్. 'చేంజ్డ్' ట్రూ అని చెప్పాలి, ఫైల్‌ను మాత్రం ముట్టుకోకూడదు. ఫైల్ తెరిచి కళ్లతో చూసుకోండి.

ఆర్గ్యుమెంట్లు పెద్దవైతే, లోపల లిస్టులు, డిక్షనరీలు ఉంటే, కోట్స్‌లో మొత్తం జేసన్‌గా ఇవ్వొచ్చు. ఇంకా హాయిగా ఉండాలంటే వాటిని ఒక యామల్ ఫైల్‌లో రాసి, '-ఏ' తర్వాత ఎట్ గుర్తు పెట్టి ఆ ఫైల్ పేరు ఇవ్వండి. షెల్ కోట్స్‌తో కుస్తీ పట్టే టెన్షన్ ఉండదు.

మాడ్యూల్‌లో ఎక్కడైనా ప్రింట్ పెట్టారనుకోండి. టెస్ట్-మాడ్యూల్ 'ఇన్‌వాలిడ్ అవుట్‌పుట్ ఫార్మాట్' అని ఆగిపోతుంది, ఎందుకంటే జేసన్ మధ్యలో మీ మాట చేరింది. కంగారు పడకండి. 'రా అవుట్‌పుట్' కింద మీరు ప్రింట్ చేసింది కనిపిస్తుంది, మీకు కావాల్సిందీ అదే. చూసుకున్నాక ఆ లైన్ తీసేయండి. ఒక్కో అడుగుగా చూడాలనుకుంటే '-డీ', అంటే పెద్ద అక్షరం డీ, తర్వాత పైథాన్ డీబగ్గర్ దారి ఇవ్వండి. కోడ్ తయారు చేసి నడపకుండా వదిలేయాలంటే '-ఎన్' ఉంది.

రెండు జాగ్రత్తలు. మొదటిది, ఇది నడిచేది మీ సొంత యంత్రం మీద. ఫైల్ మాడ్యూల్‌కు 'స్టేట్=ఆబ్సెంట్' ఇచ్చి పొరపాటున మీ హోమ్ దారి ఇస్తే నిజంగానే చెరిపేస్తుంది. ఎప్పుడూ టెంప్ ఫోల్డర్ దారులే ఇవ్వండి, సుడోతో నడపకండి. యూజర్, సర్వీస్, ఏపీటీ లాంటి మాడ్యూల్స్‌ను కంటైనర్‌లో గానీ వర్చువల్ మెషీన్‌లో గానీ మాత్రమే పరీక్షించండి.

రెండోది చాలామందిని తికమక పెట్టేది. టెంప్లేట్ మాడ్యూల్‌ను ఇలా నడిపితే ఏమీ జరగదు. దాని ఫైల్ తెరిస్తే డాక్యుమెంటేషన్ తప్ప కోడే ఉండదు. అసలు పని యాక్షన్ ప్లగిన్‌లో, అంటే మీ కంట్రోలర్ (ఆన్సిబుల్‌ను నడిపే యంత్రం) వైపు జరుగుతుంది. జింజా టెంప్లేట్‌ను నింపేది మీ యంత్రమే, అవతలి సర్వర్ కాదు కదా. డీబగ్ కూడా అంతే. కాపీ అయితే సగం అటు, సగం ఇటు. అందుకే ఏ మాడ్యూల్ మీద పని మొదలుపెట్టినా ముందు 'లిబ్/ఆన్సిబుల్/ప్లగిన్స్/యాక్షన్' ఫోల్డర్‌లో అదే పేరుతో ఫైల్ ఉందేమో చూడండి. ఉంటే టెస్ట్-మాడ్యూల్ మీకు సగం కథే చెబుతుంది. అలాంటప్పుడు చిన్న ప్లేబుక్ రాసి లోకల్‌హోస్ట్ మీద నడపడమే దారి.

లోపం అవతలి సర్వర్‌లోనే కనిపిస్తే

మీ ల్యాప్‌టాప్‌లో అంతా బాగుండి, ఒక ప్రత్యేకమైన సర్వర్‌లో మాత్రమే మాడ్యూల్ పడిపోతోంది అనుకుందాం. అప్పుడు టెస్ట్-మాడ్యూల్ సరిపోదు. 'ఆన్సిబుల్ కీప్ రిమోట్ ఫైల్స్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1కి సెట్ చేయండి. పేరంతా పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్లతో ఉంటుంది. తర్వాత మామూలుగా మీ ఆదేశాన్ని మూడు వీలతో, అంటే '-వీవీవీ' చేర్చి నడపండి. సర్వర్‌లో తాత్కాలిక ఫైల్ ఎక్కడ పెట్టిందో ఆ దారి స్క్రీన్ మీద కనిపిస్తుంది. మామూలుగా అయితే పని అవగానే చెరిపేసేది, ఇప్పుడు అలాగే ఉంటుంది.

సర్వర్‌లోకి లాగిన్ అయి ఆ ఫోల్డర్‌కు వెళ్తే, ఆన్సిబాల్జెడ్ అన్న పేరుతో మొదలయ్యే పైథాన్ ఫైల్ ఒకటి ఉంటుంది. దాన్ని పైథాన్‌తో నడుపుతూ చివర 'ఎక్స్‌ప్లోడ్' అని చేర్చండి. లోపలి జిప్ విడిపోయి 'డీబగ్ డిర్' అనే ఫోల్డర్ వస్తుంది. అసలు మాడ్యూల్ కోడ్, దానికి వెళ్లిన ఆర్గ్యుమెంట్లు అన్నీ అందులో మామూలు ఫైళ్లుగా ఉంటాయి. కావాల్సిన చోట మార్చి, ఈసారి చివర 'ఎగ్జిక్యూట్' అని పెట్టి నడిపితే మీ మార్పుతో నడుస్తుంది. కారణం దొరికాక ఆ ఫోల్డర్‌ను తప్పక చెరిపేయండి. ఆర్గ్యుమెంట్లలో పాస్‌వర్డ్‌లు ఉంటే అవి అందులో మామూలు అక్షరాల్లోనే ఉంటాయి.

ఎప్పుడు పాడైందో కనిపెట్టడం

'పాత వెర్షన్‌లో పనిచేసేది, ఇప్పుడు పనిచేయట్లేదు' అనేది ఇష్యూల్లో తరచూ కనిపించే మాట. ఏ కమిట్ దాన్ని పాడుచేసిందో చెప్పగలిగితే ఆ ఇష్యూ సగం పరిష్కారమైనట్టే. హ్యాకింగ్ ఫోల్డర్‌లో దీనికి స్క్రిప్ట్ లేదు, కానీ అందులోని రెండిటిని గిట్ బైసెక్ట్‌తో కలిపితే మీరే ఒకటి చేసుకోవచ్చు.

రిపాజిటరీకి బయట ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ రాయండి. మొదటి లైన్‌లో ఎన్వ్-సెటప్‌ను '-క్యూ'తో సోర్స్ చేయాలి. రెండో లైన్‌లో టెస్ట్-మాడ్యూల్‌ను మీ ఆర్గ్యుమెంట్లతో నడిపి, ఫలితాన్ని ఒక ఫైల్‌లోకి పంపాలి. మూడో లైన్‌లో ఆ ఫైల్‌లో ఉండాల్సిన మాట ఉందో లేదో గ్రెప్‌తో చూడాలి. ఉంటే 0తో, లేకపోతే 1తో బయటికి రావాలి. టెస్ట్-మాడ్యూల్ ఇచ్చే ఎగ్జిట్ కోడ్ మీద ఆధారపడకండి, ఫలితంలోని మాటనే చూడండి. పాత కమిట్ మీ పైథాన్‌తో అసలు నడవకపోతే 125తో బయటికి వచ్చేలా రాయండి. ఆ కమిట్‌ను వదిలేసి ముందుకు వెళ్లమని బైసెక్ట్‌కి అది గుర్తు. మరో ముఖ్యమైన విషయం: స్క్రిప్ట్ మొదట్లోనే టెంప్ ఫోల్డర్‌లోని పాత పరీక్ష ఫైళ్లు చెరిపేయాలి. లేదంటే ముందు కమిట్ వదిలిన ఫైల్ వల్ల తర్వాతి కమిట్ ఫలితం తప్పు వస్తుంది.

ఆ తర్వాత 'గిట్ బైసెక్ట్ స్టార్ట్', చెడ్డ కమిట్, మంచి కమిట్ చెప్పి, 'గిట్ బైసెక్ట్ రన్' తర్వాత మీ స్క్రిప్ట్ దారి ఇవ్వండి. ప్రతిసారీ సగానికి సగం తగ్గుతుంది కాబట్టి వెయ్యి కమిట్లున్నా సుమారు పది పరీక్షల్లో దోషి దొరుకుతుంది. అయ్యాక 'గిట్ బైసెక్ట్ రీసెట్' మరవకండి.

ఆన్సిబుల్-టెస్ట్

ఎన్వ్-సెటప్ సోర్స్ చేశాక ఆన్సిబుల్-టెస్ట్ అనే ఆదేశం కూడా మీకు అందుబాటులోకి వస్తుంది. మీ సవరణను కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్ పంపగానే అజూర్ పైప్‌లైన్స్ అనే సీఐ (ఆటోమేటిక్ పరీక్షల) సర్వీసులో నడిచేది ఇదే. అక్కడ ఎర్ర గుర్తు చూసి, సరిచేసి, మళ్లీ పంపి, మళ్లీ ఎదురుచూడటం కంటే ముందే మీ దగ్గర నడుపుకోవడం ఎంతో మేలు.

మూడు రకాలున్నాయి. శానిటీ అంటే కోడ్ శైలి, డాక్యుమెంటేషన్ సరిగ్గా ఉందా, ఆర్గ్యుమెంట్లు, వాటి వివరణ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూసేది. 'ఆన్సిబుల్-టెస్ట్ శానిటీ --డాకర్' తర్వాత మీరు మార్చిన ఫైల్ దారి ఇవ్వండి. దారి ఇవ్వకపోతే రిపాజిటరీ మొత్తాన్ని పరీక్షిస్తూ కూర్చుంటుంది. మొదటిసారి డాకర్ ఇమేజ్ దిగడానికి సమయం పడుతుంది. డాకర్ లేకపోతే పాడ్‌మ్యాన్ ఉన్నా సరే, అదీ లేకపోతే '--వీఎన్వ్' ఇవ్వొచ్చు. లైన్ పొడవు గురించి బెంగపడకండి, ఇక్కడ 160 అక్షరాల దాకా ఒప్పుకుంటారు.

యూనిట్స్ అంటే యూనిట్ టెస్టులు. '--పైథాన్' తో ఒక్క వెర్షన్ చెప్పండి. లేదంటే మద్దతున్న వెర్షన్లన్నిటి మీదా నడుస్తుంది.

ఇంటిగ్రేషన్ అసలైన పరీక్ష. 'టెస్ట్/ఇంటిగ్రేషన్/టార్గెట్స్' ఫోల్డర్‌లో చాలా మాడ్యూల్స్‌కు వాటి పేరుతోనే ఒక ఫోల్డర్ ఉంటుంది. లోపల ఉండేది మామూలు రోల్, టాస్క్‌లు, అసర్ట్‌లు. ప్లేబుక్ రాయడం వచ్చినవాళ్లు ఇక్కడ ఇంట్లో ఉన్నట్టే ఉంటారు. మీరు సరిచేసిన లోపాన్ని పట్టుకునే రెండు మూడు టాస్క్‌లు ఇక్కడ చేర్చండి. ముందు మీ సవరణ తీసేసి నడిపి అది ఫెయిల్ అవుతోందని చూడండి, తర్వాత సవరణతో పాస్ అవుతోందని చూడండి. రివ్యూ చేసేవాళ్లకు ఇంతకంటే నమ్మకం కలిగించేది ఉండదు. దీన్ని ఎప్పుడూ '--డాకర్'తో, ఏదో ఒక డిస్ట్రో పేరు ఇచ్చే నడపండి. ఆ పేర్ల జాబితా ఆన్సిబుల్-టెస్ట్ డేటా ఫోల్డర్‌లోని 'కంప్లీషన్/డాకర్ డాట్ టీఎక్స్‌టీ'లో ఉంటుంది. టెస్టు ఎందుకు పడిపోయిందో లోపలికి వెళ్లి చూడాలంటే 'ఆన్సిబుల్-టెస్ట్ షెల్' అదే రకం కంటైనర్‌లో మీకు షెల్ ఇస్తుంది. ప్రతి టార్గెట్‌లో ఉండే 'ఆలియాసెస్' ఫైల్‌లో షిప్పబుల్ అన్న మాట కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది ఇంతకుముందు వాడిన సీఐ సర్వీసు పేరు, గ్రూపులకు అలాగే నిలిచిపోయింది.

కలెక్షన్ మీద పని చేసేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆన్సిబుల్-టెస్ట్‌కు ఫోల్డర్ దారి ముఖ్యం. మీ క్లోన్ 'ఆన్సిబుల్ కలెక్షన్స్' అనే ఫోల్డర్ కింద, నేమ్‌స్పేస్ ఫోల్డర్‌లో, కలెక్షన్ పేరుతోనే ఉండాలి. కమ్యూనిటీ డాట్ జనరల్ అయితే 'ఆన్సిబుల్_కలెక్షన్స్/కమ్యూనిటీ/జనరల్'. ఎక్కడో డౌన్‌లోడ్స్‌లో క్లోన్ చేసి నడిపితే అది ఒప్పుకోదు.

రిటర్న్ విభాగం, ఛేంజ్‌లాగ్

మాడ్యూల్ కొత్త విలువ ఏదైనా తిరిగి ఇస్తుంటే దాన్ని మాడ్యూల్ డాక్యుమెంటేషన్‌లోని రిటర్న్ విభాగంలో వివరించాలి. 'రిటర్న్_స్కెలిటన్_జనరేటర్ డాట్ పీవై' ఇక్కడ ఉపయోగపడుతుంది. టెస్ట్-మాడ్యూల్ ఇచ్చిన జేసన్‌ను ఒక ఫైల్‌లో పెట్టి దీనికి ఇస్తే, ప్రతి విలువ రకం, నమూనాతో యామల్ అస్థిపంజరం రాసి ఇస్తుంది. వివరణ మాత్రం మీరే రాయాలి. ఆ విలువ ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అన్నది స్పష్టంగా రాయండి. రాత్రి రెండింటికి ప్లేబుక్ పడిపోయి ఆన్సిబుల్-డాక్ తెరిచేవాళ్లు చదివేది ఆ వాక్యమే. రాశాక ఆన్సిబుల్-డాక్‌తో మీరే తెరిచి చదువుకోండి.

'ఛేంజ్‌లాగ్స్/ఫ్రాగ్మెంట్స్' ఫోల్డర్‌లో ఒక చిన్న యామల్ ఫైల్ కూడా కావాలి. 'బగ్‌ఫిక్సెస్' లేదా 'మైనర్_ఛేంజెస్' అనే కీ కింద ఒక్క లైన్: మాడ్యూల్ పేరు, ఒక గీత, ఏం మారింది, ఇష్యూ లింకు. కొత్తవాళ్ల పుల్ రిక్వెస్టుల్లో ఎక్కువగా మరిచిపోయేది ఇదే అనిపిస్తుంది.

మిగిలిన స్క్రిప్టులు

ఏజడ్‌పీ ఫోల్డర్‌లోని 'డౌన్‌లోడ్ డాట్ పీవై' సీఐ రన్ నంబరు ఇస్తే లాగ్‌లు మీ కంప్యూటర్‌కు దింపుతుంది. వెబ్ పేజీలో వేల లైన్ల లాగ్ స్క్రోల్ చేసే బదులు దింపుకుని గ్రెప్ చేయొచ్చు. టికెట్ స్టబ్స్ ఫోల్డర్‌లో ఇష్యూలకు ఇచ్చే జవాబుల నమూనాలు ఉంటాయి. ఒక్కసారి చదివితే మెయింటెయినర్లు దేనికి ఏమంటారో తెలుస్తుంది. శానిటీ రిక్వైర్‌మెంట్స్‌ను తాజా చేసేది మెయింటెయినర్ల పని, మీరు ముట్టుకోనక్కర్లేదు.

మీ సవరణ డెవెల్‌లో కలిశాక, అది బగ్‌ఫిక్స్ అయితే, విడుదలైన వెర్షన్లకూ పంపమని అడుగుతారు. అప్పుడు 'స్టేబుల్-2.18' లాంటి బ్రాంచ్ నుంచి కొత్త బ్రాంచ్ తీసి, 'గిట్ చెర్రీ-పిక్ -ఎక్స్' తో మీ కమిట్‌ను తెచ్చుకోవాలి. '-ఎక్స్' ఉంటే అసలు కమిట్ నంబరు సందేశంలో నమోదవుతుంది. దీనికోసం 'గిట్ వర్క్‌ట్రీ యాడ్'తో స్టేబుల్ బ్రాంచ్‌ను పక్కన వేరే ఫోల్డర్‌లో తెరుచుకోండి, అక్కడి ఎన్వ్-సెటప్‌ను కొత్త టెర్మినల్‌లో సోర్స్ చేసి, అదే టెస్ట్-మాడ్యూల్ ఆదేశాన్ని, అదే ఇంటిగ్రేషన్ టార్గెట్‌ను మళ్లీ నడపండి. పాత బ్రాంచ్‌లో చుట్టూ ఉన్న కోడ్ వేరుగా ఉండొచ్చు కాబట్టి డెవెల్‌లో పాస్ అయిందన్న ధీమా పనికిరాదు. పుల్ రిక్వెస్ట్ తెరిచాక, ఇది ఏ అసలు పుల్ రిక్వెస్ట్‌కు బ్యాక్‌పోర్టో చెప్పే లైన్ వివరణలో ఉండాలి. ఆ ఒక్క లైన్ చేర్చడానికి హ్యాకింగ్‌లోని బ్యాక్‌పోర్ట్ ఫోల్డర్‌లో ఒక స్క్రిప్ట్ ఉంది. దానికి పైగిట్‌హబ్ లైబ్రరీ, ఎన్విరాన్‌మెంట్‌లో మీ గిట్‌హబ్ టోకెన్ కావాలి. ఒకటో రెండో బ్యాక్‌పోర్టులైతే ఆ లైన్ చేత్తో రాసేయండి.